ముడి విప్పని విత్తనాల మూట

మా మనవరాలికి బడిలో ఏందో పని ఇచ్చినారు. పెద్ద అట్ట, రంగు పెన్నులు ముందరేసుకోని నడవలో కూర్చునింది. పైన ‘మా ఊరు’ అని రాసి, కింద గీతలు కొట్టి మూడు గళ్లు చేసింది. ఒక గడిలో చరిత్ర, ఒక గడిలో భూగోళం, ఇంకోదాంట్లో ప్రజలు.

“జేజీ, నువ్వు పుట్టిందీ పెరిగిందీ ఈడనే గదా. చెప్పు, రాసుకుంటా” అనింది.

పుట్టిందీ ఈడనే, పెరిగిందీ ఈడనే, పెండ్లి చేసి పక్క వీధికే ఇచ్చినారు. ఈ ఊరి సంగతి నాకు తెలీకపోతే ఇంకెవురికి తెలుస్తాది? రోంత ఎచ్చులకు పోయి మొదలుపెట్టినా.

చరిత్ర అంటే కొండ మీద కోట. ఎవురు కట్టించినారో గట్టిగా చెప్పేవాళ్లు లేరు. పాళేగాళ్లని కొందరు, అంతకు ముందరోళ్లని కొందరు. మా చిన్నప్పుడు దాంట్లో గబ్బిలాలు, ఉడుములు, మా మాదిరి పనీపాటా లేని పిల్లోళ్లు తప్ప ఎవురూ తిరగతా ఉండలేదు. భూగోళం అంటే ఎర్రనేల, గుండ్రాళ్లు, గాలి. మబ్బు పడమటి నుంచి వస్తాది, మా ఊరి మీద రోంచేపు నిలబడుకుంటాది, మా మొగాలు చూస్తాది, తూర్పుకు పోతాది. “గాలి శానా ఉండాదని రాయమ్మా, దానికే కొండెంబడి గాలిమరలు పెట్టినారని రాయి” అంటే పాప నవ్వుకుంటా రాసుకునింది.

మూడో గడి కాడికి వచ్చినాము.

“ప్రజలు అంటే ఊర్లో గొప్పోళ్లు, జేజీ. ఒక్కరి గురించన్నా పేరు పెట్టి రాసుకోని రమ్మనింది మా మేడమ్.”

గొప్పోళ్లు అనేసరికి మిల్లు షావుకారి మొగం రావల్ల, సర్పంచి మొగం రావల్ల. రాలేదు. బూడిదతో గిన్నెలు తోముకుంటా, తోముకుంటా తలెత్తి నన్ను చూసిన ఒకామె మొగం వచ్చింది.

మాది దూదేకులోళ్ల ఇల్లు. సెంటు నేల లేదు. మా నాయన విల్లు భుజానేసుకోని ఊర్లెంబడి పోయి దూదేకి పరుపులు కుట్టేవాడు. ఆయన వేలు తగిలితే ఆ విల్లు నరం ‘టొయ్ టొయ్’ అని వీధంతా మోగుతాండె. ఇంట్లో యాడ చూసినా దూదే. సంగటి ముద్దలో దూది, తలకాయలో దూది, మా అమ్మ కనుబొమ్మల మీద దూది. ఎదురిల్లు రైతుది. ఆయన్ని నేను మామ అంటి, ఆయన పెండ్లాన్ని అత్త అంటి. పీర్ల పండగకు అగ్గిగుండం తవ్వేది ఆ మామే, వాళ్లింట్లో ఓళిగలు చేస్తే మొదటి గిన్నె మాకే. ఆ ఇంటి బిడ్డ నా జతగత్తె. కండ్లు తేనె రంగు, దానికే పిల్లికండ్లని పేరు. మేమిద్దరం ఒకటే జడకుచ్చులు, ఒకటే పేన్లు.

ఆ ఇంట్లోనే చిన్నత్త ఉండేది. మామకు సొంత చెల్లెలు. పెండ్లయిన ఏడాదికే మొగుడు బావి తవ్వతా మట్టి పెళ్లలు మీద పడి పోయినాడంట, అన్న ఇంటికి తిరుక్కోని వచ్చింది. గాజుల్లేని చేతులు. తెల్లారకముందే లేచి పేడకళ్లు ఎత్తేది, చల్ల చిలికేది, సంగటి గెలికేది. ఎవురన్నా మంచి పనికి బయలుదేరుతాంటే మాత్రం తనే ఎద్దుల కొట్టంలోకి పోయి కూర్చునేది. ఎవురూ పొమ్మనేవాళ్లు గూడా కాదు, అంత అలవాటైపోయింది.

ఆమె ఊరుబిండి చేస్తే వీధి వీధంతా ఇండ్లలో నిలబడలేరు. చెనిక్కాయ గింజలు వేయించి, పచ్చిమిరక్కాయలు, తెల్లగడ్డ, చింతపండు వేసి రోట్లో దంచితే ఆ వాసన మా ఇంటి దూదిని దాటుకోని వచ్చేది. నేను నిలబడిన చోటే గుటకలు మింగేదాన్ని. “వచ్చె, దూది పిట్ట వచ్చె” అని నవ్వి, రోట్లో మిగిలిందాంట్లోకి సంగటి ముద్ద వేసి తుడిచి నా నోట్లో పెట్టేది. అంత రుచి నేను మళ్లీ తినలేదు. నా కోడలు మిక్సీలో చేస్తాది, బాగనే ఉంటాది, దాన్ని ఏమీ అనలేను.

ఇప్పుడు మా పాపకు చెప్తే నమ్మదు గానీ, ఆ పొద్దు ఇత్తనాల చెనిక్కాయలు చేత్తోనే వొలిచేది. మిల్లులో మిషన్ ఉండె, గంటలో బస్తాలు బస్తాలు ఆడిస్తాది, అయితే గింజ మీద ఎర్రపొర లేచిపోతాది. పొర లేచిన గింజ నూనెకు పనికొస్తాది, ఇత్తనానికి రాదు. దానికే ఎండాకాలం చివర్లో ఇంటింటికీ ముయ్యి కట్టుకునేవాళ్లు. ఈ పొద్దు మా ఆడోళ్లంతా మీ ఇంట్లో వొలిస్తే రేపు మీ ఆడోళ్లు మా ఇంట్లో. మాకు నేల లేకపోయినా మా అమ్మ, నేను ఎదురింటికి పోతాంటిమి. దానికి బదులు వాళ్లు వచ్చి మా పరుపుల గలీబులు కుట్టిపెడతాండిరి.

వొలిచేది ఆట కాదు. కాయ ముక్కును బొటనవేలుతో నొక్కితే టప్పుమని పగలల్ల. పది కాయలు సరదా. వంద కాయలకు వేలు ఎర్రగైతాది, మధ్యాన్నానికి గోరు కింద రక్తం. అట్ల ఎనిమిది దినాలు. సాయంత్రమైతే చిన్నత్త ఆముదం వెచ్చబెట్టి మా ఇద్దరి వేండ్లకు రాసి, గుడ్డపీలికలు చుట్టి, వేయించిన గింజలు, బెల్లం కలిపి ఉండ చేసి ఇచ్చేది.

ఆ ఏడాది కొండ మీద కలివిపండ్లు తెగ కాసినాయి. కోట గోడెంబడి నల్లగా మాగి రాలిపోతాండాయని గొర్రెలు కాసే పిల్లోళ్లు చెప్పిరి. మేము ఉండబట్టలేకపోతిమి. వొలిచేపని బిరీన అయిపోతేనే గదా కొండకు పోయేది?

మిషన్ ఆగిన దినాల్లో మిల్లు వాకిట్లో కూలి ఆడోళ్లు నూనెకని వొలిచేటప్పుడు కాయల మీద నీళ్లు చిలకరించేది మేము చూసినాము. తడి తగిలితే పొట్టు మెత్తబడి, వేలు పెడితే విచ్చుకుంటాది. ఇత్తనానికి మాత్రం నీళ్లు చూపించగూడదని మాకు తెలుసు, తెలీదని అబద్ధం చెప్పను. అయితే పిల్లికండ్లది అనింది గదా, “ఎట్లా రేపెల్లుండి వానొస్తే నేల్లో తడిసేదే గదమే, ఒక దినం ముందర తడిస్తే ఏమైతాది?” నాకూ అది నిజమే అనిపించింది. పడమటి దిక్కు మబ్బు కట్టి ఉండె. ఆడోళ్లంతా ‘ఈసారి వాన తొందరపడతాంది’ అని సంబరంగా మాట్లాడుకుంటాండిరి.

మూల గదిలో కాయల రాశి. గంపలకెత్తి నడవలోకి మోసేది మా ఇద్దరి పని. పిల్లికండ్లది గది వాకిలి కాడుండే తొట్లోనుంచి నీళ్లు తోడింది, నేను చెంబు పట్టుకోని చిలకరించినా. ఒక చెంబుతో ఆగుంటే ఎట్లుండునో. ఆడోళ్ల వేండ్లు చకచకా ఆడతాంటే మాకు హుషారు పుట్టి, ఐదు దినాలు పొద్దున్నే అదే పని చేస్తిమి. “ఈసారి కాయ మెత్తగుండాదే” అని మా అమ్మనింది. “ముసురుగాలి తగిలిందిలే” అని అత్తనింది. ఎనిమిది దినాల పని ఆరు దినాలకే అయిపోయింది. మేము కొండకు పోయి నాలుకలు నల్లబడేదాక కలివిపండ్లు తిని వచ్చినాము.

వొలవడం అయిపోయినాక మూట కట్టేది మా ఊర్లో ఒక పద్ధతి. గింజల్ని గోనెసంచుల్లోకి పోసి, ఇంటి ఆడామె పసుపు కుంకం పెట్టి, రైతు మూడు ముళ్లేసి టెంకాయ కొడతాడు. ఇంక ఆ ముడి విప్పేది చేన్లోనే, ఇత్తనమేసే గొర్రుకు ఎద్దుల్ని కట్టినాకనే. మధ్యలో విప్పితే వచ్చే వాన వెనక్కి పోతాదని నమ్మకం. మొగుడు లేని ఆడామె ఆ మూటల్ని తాకేది గూడా లేదు. దినాల తరబడి వేలినొప్పితో వొలిచిన గింజల్ని, ముడి పడినాక చిన్నత్త తాకగూడదు. ఇదెక్కడి న్యాయమని ఆ పొద్దు ఎవురూ అడగలేదు, నేనూ అడగలేదు.

ముళ్లు పడిన మరుసటి దినం చిన్నత్త మూల గది ఊడ్చడానికి పోయింది. వెనకాల్నే మేమూ పోతిమి. నేల మీద తడిమరకలు, గోడవార మెత్తబడిన పొట్టు. ఆమె ఒక డొల్ల ఎత్తి రెండు వేండ్ల మధ్య నలిపింది. అది మట్టిమాదిరి అణిగిపోయింది. తొట్టి పక్కన మా చెంబు అట్లే ఉండె. దాన్ని చూసింది, మమ్మల్ని చూసింది.

“ఎన్ని దినాలు చల్లినారు?” అని అడిగింది.

నేను అయిదు వేండ్లు చూపిస్తి.

ఆమె అరవలేదు. ఆ పొట్టంతా గంపకెత్తి, పొయ్యి కిందికి పోసి కాల్చేసింది. “పోండి, ఆడుకోపోండి. ఎవురితో అనొద్దండి” అనింది.

సాయంత్రం మామ ఎద్దులకు చొప్ప వేస్తాంటే ఆమె పోయి, “అన్నా, మూటలు ఒకసారి విప్పి ఎండకేస్తే మేలేమో. గాలి చెమ్మగుండె గదా” అనింది. నేను మా వాకిట్లో నుంచే వింటాంటి.

మామ చేతిలో చొప్ప కింద పడేసినాడు. “ముడి విప్పేదా? మబ్బు నెత్తిమీదికి వచ్చిండేటప్పుడు? ఆ మాట నోటికెట్లొచ్చెనే నీకు?”

“ఎందుకైనా మంచిదని అంటిన్నా.”

“గమ్మునుండు. ఇంకోసారి ఆ మాట ఎత్తొద్దు.”

ఎందుకు ఎండకేయల్లో ఆమె చెప్పుంటే అయిపోతాండె. చెప్పలేదు. వాన వచ్చేస్తే అన్నీ సరిపోతాయని ఆమె గూడా అనుకున్నెట్లుంది.

వాన రాలేదు. ఆ మరుసటి దినమే పడమటిగాలి లేచి మబ్బునంతా తరిమేసింది. ఒక వారమాయె, రెండు వారాలాయె. చిన్నత్త రోజుకు పదిసార్లు బయటికొచ్చి ఆకాశం చూసేది. మేము ఆమెను చూసేవాళ్లం. మూడో వారం దాటినాక వచ్చింది వాన, నేల జానెడు లోతు తడిసేటట్ల. మంచి పదును. ఊరంతా ఒక్కటే పరుగు, గొర్రులు, ఎద్దులు, ఇత్తనమేసే ఆడోళ్లు. మామ చేన్లో ముడి విప్పితే రోంత ముక్కిపోయిన వాసన వచ్చింది. “గోనె వాసనలే” అన్యాడు. గింజ పైకి బాగనే ఉండె. ఇంకో ఇత్తనం యాడుంది గనక, పదును పోతే మళ్లీ రాదు. ఏసేసినారు.

ఎనిమిదో దినానికి ఊరి చేన్లన్నిట్లో పచ్చటి గీతలు కనపడినాయి. మామ చేను మాత్రం ఎర్రగా అట్లే ఉండె. ఈడొక మొలక, ఆడొక మొలక. పదో దినం పొద్దున్నే ఆయన సాలు తవ్వి, పిడికెడు గింజలు తెచ్చి వాకిట్లో పారేసినాడు. నల్లగా, మెత్తగా, కంపు కొడతాండె.

నేను చెంబెత్తుకోని పోయి అప్పుడే మజ్జిగ పోయించుకోనుంటి. ఆ చెంబు కాదులే, మా ఇంటిది. చిన్నత్త మూలన కూర్చోని బూడిదతో గిన్నెలు తోముతాండె.

“అందరికీ మొలిసె, మనకే ఎందుకు మొల్సలేదు?” అని మామ అరిచినాడు. ఆయన చెడ్డోడు కాదు. ఏడాది తిండి ఆ చేన్లోనే పోయింది గదా.

“ఎందుకు మొలుస్తాది? ముడి విప్పమని నోటితో అనినాక యాడి వాన, యాడి పంట?” అని అత్త అందుకునింది. “అనినామె ఇంట్లోనే ఉండాది, అడుగు.”

మామ చెల్లెలి పక్క తిరిగినాడు. “నిన్ను తెచ్చి పెట్టుకున్యందుకు నా నోట్లో మన్ను కొడితివి గదనే!”

అప్పుడు చిన్నత్త తలెత్తి నన్ను చూసింది. ఒక్క మాట. ‘నీళ్లు చల్లింది ఈ పిల్లోళ్లు’ అనే ఒక్క మాట ఆమె అనుంటే చాలు. నేనన్నా అనల్ల. చెంబులోకి చూసుకుంటా నిలబడితి. తలుపు వెనకాల పిల్లికండ్లది నక్కి ఉండాదని నాకు తెలుసు. అదీ బయటికి రాలేదు.

“నా కండ్ల ముందర ఉండొద్దు. యాడికన్నా పో” అన్యాడు మామ.

ఆమె చేతులు కడుక్కునింది. కొంగుతో తుడుచుకునింది. లోపలికి పోతా పోతా నా కాడ ఆగి నా తలమీద చెయ్యి పెట్టింది. “మజ్జిగ ఒలుకుతాంది, చూసుకోని పో” అనింది. నిజమే, చెంబు వొరిగి మజ్జిగంతా నా పాదాల మీద కారతాండె.

మరుసటి దినం పొద్దుటి బస్సుకు పోయింది. బెంగళూరులో ఇండ్లు కట్టే కాడికి కూలోళ్లను తీసకపోయే మేస్త్రీ ఒకడు ఉండె, వాని గుంపుతో కళ్యాణదుర్గం మీదుగా పోయింది. చంకలో ఒక గుడ్డమూట. నేను మా అరుగు మీద దూది బస్తా వెనకాల దాక్కోని చూసినా. ఆమె ఒకసారి మా ఇంటి పక్క తిరిగి చూసింది. నేను తల దించేసుకుంటి. ఆ తలదింపుడుకు ఈ పొద్దుటికీ నన్ను నేను తిట్టుకుంటాండా.

చెప్పుంటే ఏమైతాండె? మా నాయన నన్ను విల్లు కట్టెతో రెండేట్లు కొట్టేవాడు. ఎదురిల్లు కొన్నాళ్లు మాతో మాట్లాడకుండును. అంతే గదా. ఆ రెండేట్లు నాకు తగలకుండా ఆమె తన బతుకును అడ్డం పెట్టింది.

మామ ఆ చేన్లో ఉలవలు చల్లుకున్యాడు. తర్వాత ఏండ్లలో మంచి పంటలూ పండినాయి, ఎండిపోయిన ఏండ్లూ వచ్చినాయి. చిన్నత్త రాలేదు. మేస్త్రీని అడిగితే వేరే గుంపులో కలిసిపోయిందన్యాడు. ముసలోడైనాక మామ అరుగు మీద కూర్చోని, బెంగళూరు బస్సు వచ్చినప్పుడల్లా దిగేవాళ్లను చూసేవాడు. ఒకసారి నన్ను పిలిచి, “ఏమ్మా, మా చెల్లెలు మాదిరి ఎవురన్నా దిగినారేమో చూస్తివా? నాకు కండ్లు ఆనవు” అన్యాడు. అప్పుడన్నా చెప్పల్ల. “లేదు మామా” అని వచ్చేస్తి. ఆ చలికాలమే ఆయన పోయినాడు.

ఇప్పుడు ఇత్తనం ప్యాకెట్లలో వస్తాది. ముయ్యి అంటే ఏందని మా కోడలే అడుగుతాది. మిల్లు పడిపోయి కంపచెట్లు మొలిచినాయి. ఎదురింట్లో సెల్‌ఫోన్ల అంగడి పెట్టినారు. ఆ మూల గది ఉండిన చోట రీచార్జి బోర్డు వేలాడతాంది.

“జేజీ, ఎవురి పేరు రాయల్ల?” అని పాప మళ్లీ అడిగింది.

“ఒకామె ఉండె” అంటి.

“పేరేంది?”

అప్పుడు తెలిసింది నాకు. ఆమె పేరు నాకు తెలీదు. చిన్నత్త అంటి, అంతే. అన్నకు ‘ఏమే’, వదినకు ‘ఆమె’, ఊరికి ‘ఆ యింట్లో ముండమోపి’. నా తలమీద చెయ్యి పెట్టి పోయినామె పేరు ఇన్నేండ్లలో నేను ఒక్కసారి గూడా అడగలేదు.

పిల్లికండ్లది గుంతకల్లులో ఉండాది. మొగుడు రైల్వేలో పనిచేసి రిటైరైనాడు. నెలకోసారి ఫోన్లో మాట్లాడుకుంటాము, మోకాళ్లనొప్పులు, మనవళ్లు, ఎండలు, అన్నీ. ఈ సంగతి మాత్రం ఇద్దరం ఎన్నడూ ఎత్తలేదు. పాపతో ఫోన్ కలిపించుకుంటి.

“ఏమ్మే, మధ్యాన్నప్పుడు గుర్తొస్తినా?” అని నవ్వింది.

“మే, మీ చిన్నత్త పేరేంది?”

అవతల నవ్వు ఆగిపోయింది.

“ఎందుకు?” అనింది.

“మా పాప రాయల్లంట. ఊర్లో గొప్పోళ్ల పేర్లు.”

అది ఏడ్చింది. ముసలిదాని ఏడుపు కాదు, ఆ తలుపు వెనకాల పిల్ల ఏడుపు. “నీళ్లు తోడింది నేను మే” అనింది. “మా నాయన పోయేటప్పుడు చెయ్యి పట్టుకోని ఉంటి. అప్పుడు గూడా నోరు రాలే.”

“చిలకరించింది నేను” అంటి. “నాకూ రాలే.”

రోంచేపు ఇద్దరం ఏడ్చినాము. ఆ తర్వాత అది పేరు చెప్పింది. ఫోన్ పెట్టేసి నేను పాపకు చెప్పినా.

“ఏం చేసిందని రాయల్ల జేజీ?”

ఇప్పుడు గూడా ఏదో ఒక మంచి అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. పొద్దున్నే లేచేది, ఊరుబిండి బాగా చేసేది అనొచ్చు. చెప్పలేదు. చెంబు కాన్నుంచి బస్సు దాకా అంతా చెప్పినా. పాప పెన్ను పట్టుకోని రాయకుండా నా మొగమే చూస్తాండె.

“నీళ్లు చల్లింది నువ్వా జేజీ?”

“నేనే” అంటి. “అది గూడా రాయి. అయితే ముందర ఆమె పేరు రాయి.”

పాప ఎర్ర పెన్ను తీసుకోని మూడో గడిలో మెల్లగా రాసింది: ఓబులమ్మ.

“కోటకంటే పెద్దగా రాయమ్మా” అని చెప్పినా.